ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా: ఈ పిల్లలకు ఇంగ్లిష్ క్లాసులో ఏం చేయించాలి?

ఒడిశాలోని రాయగడలో ఒక చిన్న స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్లో ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు చెప్పడానికి చేరుతున్నానని, కొందరి ఇంట్లో తెలుగు, కొందరి ఇంట్లో ఒడియా, ఒకరిద్దరి ఇంట్లో కుయి అనే గిరిజన భాష అని, గంటసేపు వాళ్లతో ఏం చేయించాలో తోచక టెన్షన్‌గా ఉందని మీరు అడిగారు. నేనూ ఈ జిల్లాలోనే ఇలాంటి పిల్లలకే చెబుతున్నాను. నాకు అర్థమైంది చెబుతాను: అడిగితే తప్ప ఆట ముందుకు సాగదు అన్నప్పుడే పిల్లలు నోరు తెరుస్తారు. యాపిల్ బొమ్మ చూపించి "వాట్ ఈజ్ దిస్?" అని మనం ఎన్నిసార్లు అడిగినా, అది యాపిలేనని మనకూ తెలుసు, వాళ్లకూ తెలుసు. ఇక చెప్పడానికి ఏముంది?

నా క్లాసులో బాగా నడిచేది రైలు కార్డుల ఆట. మన పిల్లలకు విజయనగరం లైన్ కొట్టిన పిండి. సెలవులకు అమ్మమ్మగారింటికి చాలామంది ఆ రైల్లోనే వెళ్తారు. విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ, మునిగుడ అని రెండు కార్డుల మీదా వరసగా రాయండి. ఒక కార్డులో బొబ్బిలి, రాయగడ టైములు ఖాళీగా వదలండి. రెండో దాంట్లో మిగతా మూడూ వదలండి. నిజం టైములే ఉండాలని లేదు, మీకు తోచిన గంటలు వేసుకోండి. ఇద్దరు పిల్లల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి మధ్యలో అట్టపెట్టె ముక్క నిలబెట్టండి. అట్ట కాస్త ఎత్తుగా ఉండాలి, లేకపోతే తొంగిచూస్తారు. పెద్ద పిల్లలు "వాట్ టైమ్ డజ్ ద ట్రైన్ రీచ్ బొబ్బిలి?" అని పూర్తిగా అడగగలరు. ఆరేళ్లవాళ్లు "బొబ్బిలి, వాట్ టైమ్?" అన్నా చాలు. స్టేషన్ పేర్లు ఏ భాషలోనైనా అవే కాబట్టి భయం సగం తగ్గుతుంది. అంకెలు, ప్రశ్న మాత్రం ఇంగ్లిష్‌లోనే రావాలి. అయ్యాక అట్ట తీసేసి, కార్డులు పక్కపక్కన పెట్టి సరిచూసుకోమనండి. నేను ఎదురుచూసేది ఈ ఘట్టం కోసమే. "నో, నో, ఐ సెడ్ ఎలెవెన్! నాట్ సెవెన్!" అని ఒకరు, "యూ సెడ్ సెవెన్!" అని ఇంకొకరు. ఎవరూ నేర్పకుండానే పోట్లాట ఇంగ్లిష్‌లో నడుస్తుంది.

అయితే మొదటి వారాల్లోనే ఇది పెట్టకండి. ముందు చెవికీ ఒంటికీ పని చెప్పండి. 1960ల్లో అమెరికాలో జేమ్స్ ఆషర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త టోటల్ ఫిజికల్ రెస్పాన్స్ అనే పద్ధతి తెచ్చారు. పసిపిల్లలు మాట్లాడటానికి చాలా ముందే మన మాట అర్థం చేసుకుని చేతల్లో చూపిస్తారు కదా, కొత్త భాషకూ అదే దారి అన్నది ఆయన ఆలోచన. మీరు చెప్పండి, మీరూ చేసి చూపించండి, తర్వాత చూపించడం మానేసి చెప్పడం మాత్రమే చేయండి. "టచ్ ద విండో", "పుట్ ద రెడ్ చాక్ అండర్ ద స్టూల్" లాంటివి. మా దగ్గర కుయి మాట్లాడే ఇంటి నుంచి వచ్చిన పాప ఒకతి చాలాకాలం ఒక్క మాట మాట్లాడలేదు. కానీ చాక్‌ని స్టూల్ కింద పెట్టమంటే అందరికన్నా ముందు లేచేది. ఆ పాపకు రాదని ఎలా అంటాం? కొన్నాళ్లకు ఆజ్ఞలిచ్చే వంతు పిల్లలకే ఇచ్చాను. తన వంతు రాగానే నావైపు చూసి "మేడమ్, సిట్ డౌన్" అంది. వెంటనే నేల మీద కూర్చున్నాను. "స్టాండ్ అప్" అంది, లేచాను. ఇక ఆ రోజు ఆ పాప ఆగలేదు. మాట్లాడమని బలవంతం చేసి ఉంటే ఆ గొంతు ఇంకా ఆలస్యంగా వినేదాన్నని నా నమ్మకం.

ఆటల కోసం ఎక్కడో వెతకక్కర్లేదు. వీరీ వీరీ గుమ్మడిపండు ఆట ఉంది కదా, దాన్నే కొంచెం మార్చండి. కళ్లు మూయించుకున్న పిల్ల "ఈజ్ ఇట్ ఎ బాయ్?", "ఈజ్ హీ టాల్?" అని అడగాలి, క్లాసంతా అవుననో కాదనో చెప్పాలి, చివరికి పేరు కనిపెట్టాలి. అడిగే పిల్లకు జవాబు నిజంగానే తెలియదు కాబట్టి శ్రద్ధగా వింటుంది. కుర్చీలాట లాంటి ఓడినవాళ్లు అవుటయ్యే ఆటలు మాత్రం నాకు నచ్చవు. ఎవరికి ఎక్కువ ప్రాక్టీస్ కావాలో వాళ్లే ముందు బయటికి పోయి గోడకు ఆనుకుని కూర్చుంటారు. కావాలంటే ఆడించండి, కానీ ఎవర్నీ అవుట్ చేయకండి.

ఉచ్చారణ దగ్గర మన కలగలుపు క్లాసు పెద్ద వరం. ఒడియా ఇంటి పిల్లలకు వ, బ తేడా, ష, స తేడా వినిపించడం కష్టం, ఎందుకంటే వాళ్ల మాటలో ఆ జంటలు దాదాపు కలిసిపోతాయి. తెలుగు పిల్లలకు అవి సులువే. కానీ వీళ్లు బుక్‌ని బుక్కు అంటారు, ఎగ్‌ని యెగ్గు అంటారు. వ్యాన్ అంటే కిటికీ వైపు, బ్యాన్ అంటే తలుపు వైపు పరుగెత్తే ఆట పెట్టండి. "షి" కి, "సీ" కి కూడా అంతే. ఎవరినీ ఎగతాళి చేయనివ్వకండి.

పుస్తకాల్లో స్నోమ్యాన్ పాఠం వస్తే నేను పక్కన పెట్టేస్తాను. దాని బదులు వంకాయలు, అరటిపళ్లు, ఖాళీ సబ్బు పెట్టెలు తెచ్చి సంత పెట్టండి. బేరం ఆడించండి. కొనేవాళ్ల దగ్గర డబ్బు కాస్త తక్కువ ఉండేలా చూడండి, మాటలు వాటంతటవే వస్తాయి.

తెలుగో ఒడియానో మాట్లాడితే ఫైన్ వేసే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. దయచేసి ఆ దారికి వెళ్లకండి. ఆట రూల్ తెలుగులోనూ ఒడియాలోనూ ఒక్క నిమిషంలో చెప్పేస్తే మిగతా సమయమంతా ఇంగ్లిష్‌కే మిగులుతుంది. ఈ రాష్ట్రంలోనే 2007 నుంచి కొన్ని ప్రభుత్వ బళ్లలో గిరిజన పిల్లలకు ఇంటి భాషలో చదువు మొదలుపెడుతున్నారు. ఇంటి భాషను సిగ్గుపడేలా చేస్తే పిల్లవాడు క్లాసులో అన్ని భాషల్లోనూ మౌనమే పాటిస్తాడు.

ఇక తల్లిదండ్రులు. "నోట్స్‌లో ఏమీ రాయించలేదేం మేడమ్?" అని అడుగుతారు, వాళ్లు ఫీజు కడుతున్నారు, అడగాలి కూడా. క్లాసు చివర ఐదు నిమిషాలు ఆ రోజు ఆటలోంచి ఒక బొమ్మ, దాని కింద ఒక వాక్యం రాయించి పంపండి. ఇంటికెళ్లి అమ్మకు చదివి వినిపించమనండి. నెలకోసారి పెద్దవాళ్లను క్లాసులో కూర్చోబెట్టి రైలు కార్డులు వాళ్ల చేతికే ఇవ్వండి, పిల్లలతో జత కట్టించి ఆడించండి. ఆ తర్వాత నోట్స్ గురించి అడిగేవాళ్లు తగ్గారు.

గంట నిడివి చూసి భయపడకండి. ఒక ఆట పది నిమిషాలు దాటించవద్దు, పరుగుల ఆట తర్వాత కూర్చునే ఆట పెట్టండి. పిల్లలు బాగా ఆడుతున్నప్పుడే ఆపేయండి, మర్నాడు వాళ్లే అడిగి మరీ ఆడతారు.