పెరటి వసారా పుచ్చిపోతే పడగొట్టాలా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా తాతగారు కట్టించిన పెంకుటిల్లు ఇప్పటికీ గట్టిగానే ఉంది గాని, పెరటి వసారా మాత్రం పాడైపోయింది. నూతి వైపున్న రెండు టేకు స్తంభాల మొదళ్ళు పుచ్చిపోయి, వేలితో నొక్కితే పొడి రాలుతోంది. చూరు దగ్గర కొన్ని వాసాల కొసలు చివికిపోయాయి, గోడ మీద చెదల మట్టిగీతలు కనిపిస్తున్నాయి. కొన్నేళ్ళ క్రితం గచ్చు చేయించినప్పుడు స్తంభాల మొదళ్ళ చుట్టూ కూడా సిమెంటు కట్టించాము. వసారా మొత్తం తీసేసి స్లాబు వేయమని మేస్త్రి అంటున్నారు. సంక్రాంతికి మా అబ్బాయిలు, అల్లుడు, తమ్ముడి పిల్లలు వస్తున్నారు. అందరం కలిసి దీన్ని బాగుచేసుకోవచ్చునా?
— ఒక పాఠకుడు

జవాబు: బాగుచేసుకోవచ్చును. స్లాబు అవసరం లేదు సరికదా, మీ ఇంటికి అది మంచిది కూడా కాదు. రీపర్లతో సహా పెంకుల కప్పు బరువు చదరపు మీటరుకు సుమారు 65 కిలోలు ఉంటే, నాలుగంగుళాల కాంక్రీటు స్లాబు 250 కిలోల దాకా ఉంటుంది. పెంకుల బరువును మాత్రమే దృష్టిలో పెట్టుకుని కట్టిన పాత గోడ మీద, దాని పునాది ఎంత లోతుందో చూడకుండా, అంత భారం ఎక్కించమని చెప్పడం తొందరపాటు.

అసలు తప్పు కర్రది కాదు, దాని చుట్టూ కట్టిన సిమెంటుది. కర్రలో తేమ 20 శాతం లోపు ఉన్నంతకాలం పుచ్చు పట్టించే బూజు బతకలేదు. స్తంభం మొదలు గాలికి ఆరుతూ ఉంటే, నూతి దగ్గర నీళ్ళు చిందినా ప్రమాదం లేదు. కాని సిమెంటు గట్టుకూ కర్రకూ మధ్య సన్నని సందు ఏర్పడి, అందులోకి దిగిన నీరు పైకి రాలేక, కర్ర పోగుల వెంట నిలువుగా ఎగబాకుతుంది. చెదలు కూడా ఆ చాటునే, వెలుతురు తగలకుండా నేల నుంచి నేరుగా కర్రలోకి చేరతాయి. కాబట్టి మొట్టమొదటి పని ఆ గట్టును పగలగొట్టించడం. నూతి దగ్గరి నీళ్ళు వసారా వైపు రాకుండా గచ్చుకు వాలు ఇప్పించి, చూరు నీళ్ళకు ఒక రేకు దోనె కట్టించకపోతే, కొత్త కర్ర పెట్టినా కొన్నేళ్ళకు మళ్ళీ ఇదే ఉత్తరం రాయవలసి వస్తుంది.

తరువాత ఒక ఉలి తీసుకుని ప్రతి స్తంభాన్నీ మొదటి నుంచి పైకి పొడుస్తూ వెళ్ళండి. ఉలి సులువుగా దిగినంత మేరా పుచ్చు, దిగకుండా ఎదురు తన్నిన చోట చేవ మొదలైనట్టు. అక్కడ సుద్దముక్కతో గీత గీయండి. పాత టేకులో పైపై తెల్లకర్ర తినేసినా లోపలి చేవ చెక్కుచెదరకుండా ఉండడం మామూలే కనుక, చూడగానే స్తంభం మొత్తం పోయిందని అనుకోనక్కరలేదు. పుచ్చు మూర ఎత్తు లోపు ఉంటే, ఆ మేరకు కోసేసి, కింద అంతే ఎత్తు నల్లరాతి దిమ్మె పెట్టించి, మధ్యలో తుప్పు పట్టని ఇనుప చీల దింపి, కర్ర మొదటికి తారు పూయించడం అన్నిటికన్నా తేలిక. దిమ్మె ఎంత తక్కువైనా గచ్చు మీద ఆరంగుళాలు లేవాలి. పుచ్చు అంతకన్నా పైకి పోయి ఉంటే, చేవ ఉన్న చోటికి మరో అడుగు పైన కోసి, పాత కర్రనూ కొత్త ముక్కనూ సగం మందం మేర చెక్కి ఒకదాని మీద ఒకటి కూర్చే సగం సగం అతుకు వేసి బోల్టులతో బిగించాలి. అది అనుభవమున్న వడ్రంగి చేయవలసిన పని. కర్ర కోసం కొత్త టేకు వెతుక్కోనక్కరలేదు. పాత ఇళ్ళు విప్పిన చోట అమ్మే దూలాలు చాలా వరకు బాగా ఆరి ఉంటాయి, ధరా తక్కువ. రంపం పెట్టేముందు వాటిలో మేకులు మిగిలాయేమో చూసుకుంటే చాలు.

ఇక మీవాళ్ళ సంగతి. పండగ మూడు రోజులూ వడ్రంగి దొరకడు, కాబట్టి ముక్కనుమ దాటాక రమ్మని ఇప్పుడే చెప్పి పెట్టుకోండి. ఈశాన్య ఋతుపవనాలు వెళ్ళిపోయాక కర్ర పనికి అదే మంచి కాలం. స్తంభం కోసేముందు ఆ అంకణం మీది పెంకులన్నీ దింపి బరువు తగ్గించాలి. మనుషులు ఎక్కువ కావలసింది ఇక్కడే. చూరు నుంచి పెరటి దాకా వరసగా నిలబడి ఒకరి చేతి నుంచి ఒకరు అందుకుంటే పెంకులు పగలవు. వాటిని పడుకోబెట్టకుండా గోడవార అంచు మీద నిలబెట్టి, పాచి బ్రష్షుతో తోమి, నీడన ఆరబెట్టే పని పిల్లలకు అప్పగించవచ్చును. వాసాలు గీకి నూనె రంగు వేయడం మీ అబ్బాయిలు చేసుకోగలరు. కప్పు మీదికి మాత్రం వడ్రంగి, ఆయన మనిషి తప్ప ఇంకెవ్వరూ ఎక్కకూడదు. ఆ నెలలో పొద్దుటి పూట మంచుకు తడిసిన పాచి పెంకు మీద కాలు నిలవదు. అల్లుడుగారిని కప్పెక్కించాలని ఏ ఆచారమూ చెప్పడం లేదు. స్తంభానికి రెండు వైపులా దూలం కింద ఇనుప జాకీలు, వాటి కింద మందపాటి పలకలు పెట్టి, ఒక్కో స్తంభాన్ని విడివిడిగా ముగించాలే గాని, రెండూ ఒకేసారి తీయకూడదు.

చెదలకు మందు కొట్టించేటప్పుడు గోడా గచ్చూ కలిసే చోట అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి పోస్తారు. లైసెన్సు ఉన్నవారిని పిలిపించి, నుయ్యి ఎంత దూరంలో ఉందో ముందుగా చూపించండి. నూతి వైపు నేలలో ఆ మందు పోయనివ్వకండి. అక్కడ రాతి దిమ్మె, కర్రకు బోరాక్సు–బోరిక్ యాసిడ్ పూత చాలు. ఆ పూత వానకు కరిగిపోతుంది గనుక పైన రంగు తప్పనిసరి. మన ఊళ్ళలో పూసే వాడేసిన ఇంజిన్ ఆయిలు నూతి దగ్గర అసలే వద్దు.

ప్రశ్న: న్యూజెర్సీలో మా అబ్బాయి ఇంటి వెనక ఉన్న పాత చెక్క డెక్ (ఆరుబయటి చెక్క అరుగు), ఇంటి గోడకు కలిసే చోట మెత్తబడింది. వసంతంలో మావారూ అబ్బాయీ కలిసి పలకలు మార్చుకుందామంటున్నారు. ఇప్పటికే ఊడిన పాత పలకలను భోగి మంటకు దాచాము.
— ఒక పాఠకురాలు

జవాబు: పలకలు మార్చడం ఇద్దరు మనుషులు తేలికగా చేసుకోగలిగిన పనే. అయితే మీరు చెప్పిన చోట మెత్తబడినది పలకేనా, దాని కింద ఇంటి గోడకు బిగించిన అడ్డపట్టెనా అన్నది ముందు తేల్చుకోవాలి. డెక్ బరువులో పెద్ద భాగాన్ని మోసేది ఆ పట్టె. పైన రేకు మడత లేకపోతే గోడ వెంట దిగిన వాన నీరు, కరిగిన మంచు దాని వెనక చేరతాయి. డెక్‌లు కూలిపోయే సందర్భాల్లో తరచుగా ముందు ఊడేది కూడా అదే. అది పుచ్చి ఉంటే మునిసిపాలిటీ అనుమతి తీసుకుని, అక్కడి కాంట్రాక్టరు చేత, మేకులతో కాక బోల్టులతో బిగించి వేయించండి. అంతవరకు డెక్ మీదికి ఎవరినీ రానివ్వకండి.

ఆ పాత పలకలను మాత్రం భోగి మంటలో వేయకండి. అమెరికాలో 2003 చివరి వరకు ఇళ్ళకు అమ్మిన శుద్ధి కర్రలో (పుచ్చు, చెదలు పట్టకుండా మందు ఎక్కించిన కర్రలో) ఎక్కువ భాగానికి ఆర్సెనిక్ కలిసిన మందు పట్టించేవారు. దాన్ని కాలిస్తే పొగలోనూ బూడిదలోనూ ఆ విషం ఉంటుంది. వాటిని ఎక్కడ పడేయాలో మీ టౌన్‌షిప్ చెత్త విభాగాన్ని అడగండి. మంటకు దుకాణంలో దొరికే మామూలు పొయ్యి కట్టెలు కొనుక్కోండి.