యూనిటీలో స్కోర్ స్క్రిప్ట్ ఆటను నెమ్మది చేయకుండా ఎలా రాయాలి?

మీరు యూనిటీ అనే ఆటల తయారీ సాఫ్ట్‌వేర్‌లో నాణేలు ఏరుకునే ఆట చేస్తున్నారు, స్కోర్ పెట్టాక ఫోన్‌లో మధ్యమధ్యలో తడబడుతోంది అన్నారు. స్కోర్ రాసే లైన్ అప్‌డేట్ ఫంక్షన్‌లో ఉందేమో ముందు చూడండి. కొత్తగా నేర్చుకునేవాళ్ల కోడ్‌లో నాకు ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే. అప్‌డేట్ ప్రతి ఫ్రేమ్‌కీ నడుస్తుంది. ఆట సెకనుకు 60 ఫ్రేములతో ఆడుతుంటే, స్కోర్ మారకపోయినా "స్కోర్: 10" అన్న స్ట్రింగ్ (అక్షరాల వరుస) సెకనుకు 60 సార్లు కొత్తగా తయారవుతుంది. ఆ పాతవన్నీ మెమరీలో పేరుకుంటాయి, వాటిని ఊడ్చడానికి గార్బేజ్ కలెక్టర్ దిగినప్పుడు ఆట ఒక్క క్షణం ఆగినట్టు అనిపించవచ్చు.

అందుకని పాయింట్లు కలపడానికి ఒకే ఫంక్షన్ పెట్టుకోండి. అందులోనే అంకె పెంచండి, అక్కడే టెక్స్ట్ మార్చండి. నాణెం తాకినప్పుడు దాన్ని పిలిస్తే చాలు. వస్తువుకు తగిలించిన భాగాలను వెతికిపెట్టే గెట్‌కాంపొనెంట్‌తో టెక్స్ట్‌ను ప్రతిసారీ వెతకొద్దు, స్క్రిప్ట్ మొదలైనప్పుడు నడిచే స్టార్ట్ ఫంక్షన్‌లో ఒక్కసారి పట్టుకుని దాచుకోండి.

ఒక్కోసారి ఒకే నాణేనికి రెండుసార్లు పాయింట్లు పడతాయి. వస్తువును తీసేయడానికి డిస్ట్రాయ్ అని పిలిచినా అది వెంటనే పోదు, ఆ ఫ్రేమ్ చివర్లో పోతుంది. ఈలోగా ఆటగాడి రెండో కొలైడర్ (తాకిడిని గుర్తించే హద్దు) కూడా తాకవచ్చు. నాణెం స్క్రిప్ట్‌లో "తీసుకున్నారు" అని ఒక బూల్ (అవును/కాదు విలువ) పెట్టండి. పాయింట్లు కలిపే ముందు దాన్ని చూడండి, మొదటిసారి తాకగానే దాన్ని "అవును" చేయండి.

హైస్కోర్‌ను మాత్రం ఆట ముగిశాకే ప్లేయర్‌ప్రెఫ్స్‌లో (చిన్న విలువలు దాచుకునే యూనిటీ సదుపాయం) సేవ్ చేయండి.