నలభై ఆరేళ్లకి గిటారా?

ప్రశ్న: మాది అమలాపురం, నాకు 46 ఏళ్లు. గిటార్ కొని మూడు వారాలైంది. వేళ్లు మండిపోతున్నాయి, ఎఫ్ కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించేది) అసలు పలకట్లేదు. వయసు మించిపోయిందంటారా?

జవాబు: వయసు సంగతి వదిలేయండి, ముందు తీగల ఎత్తు చూడండి. పన్నెండో ఫ్రెట్ (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీ) దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య 3 మిల్లీమీటర్లు దాటితే చెయ్యి తిరిగినవాళ్లకీ కష్టమే, పైగా మన కోనసీమ తేమకి చెక్క ఉబ్బి తీగలు ఇంకా పైకి లేస్తాయి, తుప్పూ పడతాయి. షాపులో సరిచేయించి, 10 గేజ్ సన్న తీగలు వేయించుకోండి. వాయించాక పొడిగుడ్డతో తుడవండి. ఎఫ్‌ని కొన్నాళ్లు పక్కనపెట్టి, రోజూ పావుగంట ‘ఈ మైనర్’ కార్డ్ నుంచి ‘జీ’ కార్డ్‌కి మారడం చేయండి. వేలి కొసలు కాయకట్టేదాకా మంట మామూలే. అన్నట్టు, ఎడమచేతి గోళ్లు కత్తిరించారా? చాలామంది అదే మర్చిపోతారు.