రేడియోధార్మిక పదార్థాలతో ఉద్యోగం: అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదివింది. హబ్సిగూడలోని ఒక పరిశోధనశాలలో ప్రాజెక్టు అసిస్టెంటుగా అవకాశం వచ్చింది. ఫాస్ఫరస్-32తో పని చేయాలట. రేపు పెళ్లికి, పిల్లలకు ఇబ్బంది అవుతుందని బంధువులు భయపెడుతున్నారు. పంపమంటారా?
– ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: నిస్సంకోచంగా పంపండి. అయితే చేరేముందు అమ్మాయి రెండు విషయాలు అడిగి తెలుసుకోవాలి. అక్కడ రేడియేషన్ భద్రతాధికారి ఎవరు? తన పేరు మీద టీఎల్‌డీ బ్యాడ్జి ఎప్పుడిస్తారు? ఛాతీ దగ్గర పెట్టుకునే ఆ బ్యాడ్జిని సాధారణంగా మూడు నెలలకోసారి పంపి, ఒంటికి ఎంత మోతాదు తగిలిందో లెక్క తీస్తారు. రేడియేషన్ పనివారికి అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (ఒంటికి తగిలే రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం), ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. ‘ముందు పని మొదలుపెట్టు, బ్యాడ్జి తర్వాత చూద్దాం’ అనే చోట చేరవద్దు.

ఫాస్ఫరస్-32 వెదజల్లేది బీటా కణాలు. సెంటీమీటరు మందం యాక్రిలిక్ పలక వాటిని ఆపేస్తుంది. సీసమైతే ఇంకా మంచిదనుకుని నేరుగా అడ్డం పెడితే ఎక్స్-కిరణాలు పుడతాయి. కొత్తగా చేరినవారికి ఇది తప్పక చెప్పాలి. అసలు దెబ్బ వేళ్లకే. సీసాను చేత్తో కాకుండా పట్టకారుతో పట్టుకోవాలి. రెండు జతల గ్లవ్స్ వేసుకోవాలి. పని ముగిశాక చేతులు, కోటు అంచులు, చెప్పుల అడుగులు రేడియేషన్‌ను పసిగట్టే మీటరుతో చూసుకోవాలి. టిఫిన్ డబ్బా ఆ ల్యాబ్ ఫ్రిజ్‌లో పెట్టనే కూడదు.

బంధువుల మాటకొస్తే, బయటినుంచి బీటా కిరణాలు తగిలినంత మాత్రాన మనిషి రేడియోధార్మికం కాదు, ఇంటికి మోసుకొచ్చేదీ ఉండదు. బట్టలకు, చేతులకు పదార్థం అంటితేనే ప్రమాదం. మీటరు పరీక్ష అందుకే. పెళ్లయ్యాక గర్భం అని తెలిసిన వెంటనే అధికారికి చెప్పాలి. అప్పటినుంచి బిడ్డకు తగిలే మోతాదు 1 మిల్లీసీవర్టు దాటకుండా పని మార్చాల్సిన బాధ్యత సంస్థది. మొహమాటపడి దాచడమే అన్నిటికన్నా ప్రమాదం.

ఒక్క సంగతి మాత్రం నిక్కచ్చిగా చెబుతాను. చాలా ల్యాబుల్లో ఇప్పుడు అణువుల జాడ పట్టడానికి రేడియోధార్మిక పదార్థాల బదులు ఫ్లోరసెంట్ రంగులు వాడుతున్నారు. కాబట్టి ఈ ఒక్క నైపుణ్యం మీదే భవిష్యత్తు కట్టుకోకుండా పీహెచ్‌డీ ప్రవేశ పరీక్షలకూ సిద్ధం కమ్మనండి. భద్రత పనే నచ్చితే, పరిశోధనల్లో రేడియేషన్ వాడేవారికి బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ఇచ్చే శిక్షణ గురించి ఆ ల్యాబ్ భద్రతాధికారినే అడగవచ్చు.