అలిసిపోయిన రోజు హోటల్‌కి వెళ్లకు తల్లీ

చి.ల.సౌ. అమ్మలూకి,

పెద్దమ్మ ఆశీస్సులు. రాత్రి పన్నెండింటికి నువ్వు పెట్టిన మెసేజ్ పొద్దున్నే కాఫీ తాగుతూ చదివాను. "బుజ్జిగాడు పుట్టాక హోటల్లో ఒక్క పూట కూడా స్థిమితంగా కూచుని తినలేదు పెద్దమ్మా, తిండి మీద ఇష్టమే చచ్చిపోయేలా ఉంది" అన్నావు. ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పి సరిపెట్టే సంగతి కాదిది. అందుకే తీరిగ్గా కూచుని రాస్తున్నాను.

నీ తిండి ఇష్టం నాకు తెలియంది కాదు. నాలుగేళ్లప్పుడు మా ఇంట్లో గోంగూర పచ్చడి అన్నం తింటూ, కళ్లమ్మట నీళ్లు కారుతున్నా "ఇంకో ముద్ద పెద్దమ్మా" అన్న పిల్లవి. అలాంటి నువ్వు శనివారం సాయంత్రం మాల్ ఫుడ్‌కోర్టులో ట్రే పట్టుకుని కుర్చీ కోసం తిరిగి, పిల్లాడికి ఫ్రెంచ్ ఫ్రైస్ పెట్టి, చల్లారిపోయిన నూడుల్స్ నువ్వు తిని, తిరిగొస్తూ కారులో ఏడ్చావంటే నా ప్రాణం ఉసూరుమంది.

నిన్నుగానీ వాణ్నిగానీ తప్పుపట్టాల్సిందేం లేదు. వేళే బాగా లేదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా గచ్చిబౌలి ట్రాఫిక్కూ ఆఫీసూ, శనివారం పగలంతా బట్టలూ సరుకులూ. సాయంత్రానికి నీ ఓపిక అడుగంటుతుంది, సరిగ్గా అప్పుడే ఊరంతా హోటళ్ల మీద పడుతుంది.

ఈ పొరపాటు నేనూ చేశాను. అప్పుడు నాంపల్లి గృహకల్పలో ఉద్యోగం, విద్యానగర్‌లో ఇల్లు. పెద్దాడి ఏడో పుట్టినరోజుకి ఆఫీసు నుంచి పరిగెత్తుకుంటూ ఇంటికెళ్లి, నలుగురం ఒకే స్కూటర్ మీద ఓ పేరున్న బిర్యానీ హోటల్‌కి వెళ్లాం. గంటన్నర గుమ్మంలో నిలబడ్డాం. టేబుల్ దొరికేసరికి చిన్నది మీ పెదనాన్న భుజం మీద నిద్రపోయింది, పెద్దాడికి ఆకలి చచ్చిపోయి ప్లేటు ముట్టుకోలేదు. రాత్రి పదకొండింటికి ఇంటికొచ్చి, వాడికి పెరుగన్నం కలిపి పెడుతూ నేను ఏడ్చాను. ఆ రాత్రే మేమిద్దరం ఒక మాట అనుకున్నాం, అలిసిపోయిన రోజు హోటల్‌కి వెళ్లకూడదని. ఆ తరవాత ఇరవై ఏళ్లపాటు ఆ మాట తప్పలేదు.

మరి అలిసిపోయిన రోజు ఏం చెయ్యాలి అంటావు. మీ సందు చివర కర్రీ పాయింట్ ఉంది కదా. కుక్కర్‌లో ఒక గ్లాసు బియ్యం పడేసి, వచ్చేటప్పుడు ఒక పప్పు, ఒక వేపుడు, కాస్త సాంబారు తెచ్చుకో. ఇంట్లో వేడన్నం, పైన నీ చేత్తో వేసిన నెయ్యి, పక్కన నేను పంపిన ఆవకాయ. పిల్లాడికి అది ఇంటి భోజనమే. వండలేదన్న బాధ పెట్టుకోకు. ఉద్యోగం చేసే ఆడపిల్లలకి హైదరాబాద్ చేసిన పెద్ద ఉపకారం ఈ కర్రీ పాయింట్లు. మా రోజుల్లో ఇన్ని ఉంటే నా మోకాళ్లు ఇంకో పదేళ్లు బాగుండేవి.

హోటల్‌కి మాత్రం నువ్వు నిద్ర తీరి, ఆకలితో ఉన్న వేళ చూసుకుని వెళ్లు. పిల్లాడున్న ఉద్యోగస్తురాలికి అలాంటి వేళ వారానికి ఒక్కటే దొరుకుతుంది, అది ఆదివారం పొద్దున్న. అందుకే నేను టిఫిన్‌కే ఓటేస్తాను. ఏడింటికి రోడ్లు ఖాళీ. పిల్లలు ఎలాగూ సెలవురోజే తొందరగా లేస్తారు. ఇడ్లీ నాలుగు నిమిషాల్లో టేబుల్ మీదికొస్తుంది, వాడికి విసుగు పుట్టే లోపల మీ తిండి అయిపోతుంది. బిల్లు కూడా రాత్రి భోజనంలో మూడో వంతు ఉండదు. తొమ్మిదింటికల్లా ఇంట్లో ఉంటావు, రోజంతా నీదే.

మేం నెల మొదటి ఆదివారం ఆబిడ్స్ తాజ్‌మహల్‌కి వెళ్లేవాళ్లం. 1948 నుంచి ఉన్న హోటల్ అది. కూచోగానే మంచినీళ్లు పెట్టి పిల్లల వంక చూసి నవ్వే సర్వర్లుండేవాళ్లు. మీకు దగ్గర్లో కావాలంటే చట్నీస్ ఉంది. అక్కడ బాబాయ్ ఇడ్లీ చెప్పు, విజయవాడ బాబాయ్ హోటల్ పేరు మీద పెట్టిందది. పిల్లలకి అంత మెత్తటి ఇడ్లీ, పైన వెన్నముద్ద ఉంటే ఇంకేం కావాలి. నాలుగైదు రంగుల చట్నీలు ముందు పెడతారు కాబట్టి వాటి రుచులు కనుక్కోవడమే బుజ్జిగాడికి ఆట. ఏది పుల్లగా ఉంది, ఏది తియ్యగా ఉంది, అల్లం ఏది అని అడుగు. ఫోన్ వాడి చేతికివ్వక్కర్లేదు. ఈ విషయంలో మాత్రం నేను మొండిదాన్ని. వీడియో చూస్తూ తిన్న పిల్లాడికి ఏం తిన్నాడో గుర్తుండదు, వాణ్ని పక్కన పెట్టుకుని తిన్న నీకూ ఉండదు.

ఒక ఆదివారం ఇంకా ధైర్యం చేసి చార్మినార్ దాకా వెళ్లండి. లాడ్ బజార్ షట్టర్లు ఇంకా తెరవరు, ఎప్పుడూ కాలు పెట్టే సందు లేని చోట పిల్లాడు పరుగులు పెట్టొచ్చు. గుల్జార్‌హౌస్ వైపు గోవింద్ బండి దగ్గర పెనం మీద ఇడ్లీ చూపించు. ఇడ్లీలు ముక్కలు చేసి, వెన్న వేసి, పైన కారప్పొడి చల్లి, అట్లకాడతో అటూ ఇటూ తిప్పుతుంటే వెన్న బుసబుసా పొంగి అంచులు ఎర్రగా అవుతాయి. వాడికి పొడి తక్కువ వెయ్యమని ముందే చెప్పు. అక్కణ్నుంచి నడుచుకుంటూ నిమ్రా కేఫ్. చార్మినార్‌కి ఎదురుగా నిలబడి చాయ్ తాగడం నీకోసం. ఇరానీ చాయ్‌లో డికాషన్ వేరే మరుగుతుంది, పాలు వేరే చిక్కబడతాయి, కప్పులోనే రెండూ కలుస్తాయి. అందుకే ఆ చిక్కదనం ఇంట్లో రాదు. బుజ్జిగాడికి గ్లాసెడు పాలూ ఒక ఉస్మానియా బిస్కెట్టూ. మా చిన్నదానికి నేను నేర్పిన లెక్క వాడికీ నేర్పు. బిస్కెట్ ముంచి ఒకటి, రెండు అని తీసెయ్యాలి. మూడు అన్నావా, సగం కప్పులో పడిపోతుంది. ఆ సగం స్పూన్‌తో తీసుకుని తినడం దానికి ఇంకా ఇష్టం, కావాలనే మూడు దాకా లెక్కపెట్టేది. తియ్యగా మొదలై చివర్లో కాస్త ఉప్పు తగిలే ఆ బిస్కెట్టు నోట్లో పెట్టుకుంటే నాకు ఇప్పటికీ దాని పాలపళ్లు గుర్తొస్తాయి.

బిర్యానీ సంగతి. నువ్వు బిర్యానీ మానేసి బతకలేవని నాకు తెలుసు, మానొద్దు. రాత్రి మానెయ్యి. పన్నెండు గంటలకి, మధ్యాహ్నం హండీలు అప్పుడే తెరుస్తుండగా వెళ్లు. ఒంటిగంట దాటితే క్యూ మొదలవుతుంది. పిల్లాడికి కారం అని భయపడతావు కదా, దానికో చిట్కా ఉంది. మన కచ్చి బిర్యానీలో మసాలా పట్టించిన పచ్చి మాంసం అడుగున పరుస్తారు, సగం ఉడికిన బియ్యం పైన పోస్తారు, మూత చుట్టూ పిండి పూసి దమ్ వేస్తారు. అంటే కారమంతా అడుగున ఉంటుంది. పైపొరల్లో అన్నం తెల్లగా, అక్కడక్కడ కుంకుమపువ్వు రంగుతో, వాసన పట్టి ఉంటుంది గానీ నాలుక మండించదు. "అన్నా, చిన్నబాబుకి పైన తెల్లన్నం వెయ్యి, మసాలా వద్దు" అని సర్వర్‌తో చెప్పు. షాదాబ్‌లోనైనా, కేఫ్ బహార్‌లోనైనా ఈ మాట అర్థంకాని సర్వర్ ఉండడు. ఆ అన్నంలో పెరుగు చట్నీ కలిపి, మాంసం మసాలా దులిపి చిన్న పీచులుగా తీసి పెట్టు. మిర్చీ కా సాలన్ గిన్నె మాత్రం వాడి చెయ్యి అందనంత దూరం జరుపు. చివర్లో ఖుబానీ కా మీఠా ఒకటి చెప్పి ఇద్దరూ తినండి.

మీ అల్లరివాడికి బిర్యానీ హోటల్ కన్నా మండీ బాగా సరిపోతుందని నా నమ్మకం. బార్కస్ వైపు నుంచి వచ్చిన తిండి అది. నిజాం కొలువులో చేరిన అరబ్బు సైనికుల బ్యారక్స్ ఉండేవి కాబట్టి ఆ పేటకి బార్కస్ అన్న పేరొచ్చింది, వాళ్ల పూర్వీకులు యెమెన్ ప్రాంతం వాళ్లు. ఇప్పుడు ఊరంతా మండీ హోటళ్లే. మనకి కలిసొచ్చేదేమిటంటే, కింద పరుపుల మీద కూచోవడం, ఒకే పెద్ద పళ్లెంలో అందరూ తినడం. కుర్చీ మీంచి పడతాడన్న టెన్షన్ లేదు, బల్ల కింద దూరతాడన్న బాధా లేదు. అన్నంలో కారం ఉండదు. కావాలంటే తెరలు కట్టిన గది అడుగు, వాడి అల్లరి పక్కవాళ్లకి తగలదు. ఒక్క జాగ్రత్త చెప్తాను, పక్కన ఇచ్చే మయోనైజ్ వాడికి పెట్టకు. పచ్చి గుడ్డుతో చేసిన మయోనైజ్ తిని మన దగ్గర జనం జబ్బు పడ్డాకే 2024 అక్టోబరు చివర్లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని ఏడాదిపాటు నిషేధించింది. చిన్నపిల్లల పొట్ట విషయంలో గడువులతో పనిలేదు, ఎప్పుడూ వద్దు.

పెద్ద ఆంధ్రా భోజనం నెలకోసారి చాలు. కూర తరవాత కూర వడ్డిస్తూనే ఉంటారు, గంట పడుతుంది, ఐదేళ్ల పిల్లాడు గంట కూచోడు. వెళ్లిన రోజు వాడి ఆకులో ముందు ముద్దపప్పూ నెయ్యీ వేయించి, అప్పడం చేతికివ్వు. సగం పని అయినట్టే. అల్లుడు కడప వైపు వాడు కదా, ఒకసారి రాయలసీమ రుచులుకి తీసుకెళ్లి రాగి సంగటి, నాటుకోడి పులుసు తినిపించు. సంగటి ముద్దలో గుంట చేసి నెయ్యి పోసి, వాడి నాన్న చేత్తోనే బుజ్జిగాడికి పెట్టించు. వాళ్ల నానమ్మ పెట్టే ముద్ద రుచి వాడికి ఈ ఊళ్లో ఇంకెలా తెలుస్తుంది?

హలీం గురించి అడిగావు. 2010లోనే దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంత మనదైన తిండి అది. గోధుమలూ మాంసమూ గంటల తరబడి ఉడికించి, కొయ్య గోటాలతో మెదిపి మెదిపి పేస్టులా చేస్తారు కాబట్టి పిల్లలకి నమలాల్సిన పని కూడా లేదు. అయితే రంజాన్ సాయంత్రాల్లో పిల్లాణ్నేసుకుని ఆ రద్దీలోకి వెళ్లకు. అల్లుణ్ని పంపి పార్సిల్ తెప్పించు.

ఇప్పుడు అసలు మాట. హోటల్లో నీ ప్లేటు గురించి. వాడు వదిలేసినవి తినడానికి నువ్వు హోటల్‌కి వెళ్లడం లేదు. తల్లులం అందరం ఇదే చేస్తాం. వాడి పూరీ చెప్పి, వాడు వదిలేసిన ఒకటిన్నర పూరీ తిని, "నాకు చాలు" అంటాం. చాలదు తల్లీ. వెళ్లిన ప్రతిసారీ నీకు నిజంగా తినాలనిపించింది ఒకటి చెప్పు. పెసరట్టు ఉప్మా కావచ్చు, నల్లిబొక్క కావచ్చు. వాడిది ముందు తెప్పించి తినిపించు, వాడి పొట్ట నిండాకే నీది పెనం మీద వెయ్యమని సర్వర్‌కి చెప్పు. ఆ పది నిమిషాలు అల్లుడు వాణ్ని బయటికి తీసుకెళ్లి దోశలు పోసే చోటు చూపించాలి. ఇది ఇంట్లోనే మాట్లాడుకుని బయల్దేరండి. వేడి వేడిగా, రెండు చేతులూ ఖాళీగా, ఒక్క దోశ పూర్తిగా తిని చూడు. నీ ఇష్టం ఎక్కడికీ పోలేదని నీకే తెలుస్తుంది.

బిల్లు వచ్చాక ఒకసారి చదువు. మామూలు హోటళ్లలో 5 శాతం జీఎస్టీ ఉంటుంది, అది కట్టాల్సిందే. సర్వీస్ ఛార్జి అని వేరే కలిపితే తీసెయ్యమని నిర్మొహమాటంగా అడుగు. అది మన ఇష్టం మీద ఉండాలి గానీ బిల్లులో వాళ్లంతట వాళ్లు వెయ్యకూడదని 2022లోనే కేంద్ర వినియోగదారుల సంస్థ చెప్పింది, 2025లో ఢిల్లీ హైకోర్టూ ఆ మాటే నిలబెట్టింది. ఆ డబ్బుకి బదులు, పిల్లాడికి విసుక్కోకుండా వడ్డించిన సర్వర్ చేతిలో నువ్వే నోటు పెట్టు. బుజ్జిగాడి చేత ఇప్పించు, "థ్యాంక్యూ అన్నా" అనిపించు.

సాయంత్రం ఎప్పుడైనా తప్పదనుకుంటే భోజనం ఇంట్లో కానిచ్చి, మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీమ్‌కి మాత్రం వెళ్లండి. 1935లో కట్టిన రాతి మార్కెట్ అది, బాగుచేశాక దీపాల వెలుగులో ఎంత అందంగా ఉంటుందో. సీతాఫలాల కాలంలో సీతాఫలం, ఎండాకాలంలో మామిడి. ఆరుబయట కుర్చీల్లో కూచుని తింటే అరగంటలో అయిపోతుంది. రాయదుర్గంలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే గాంధీభవన్ స్టేషన్, అక్కణ్నుంచి కాస్త నడక. మీ వాడికి ఐస్‌క్రీమ్ కన్నా రైలే పెద్ద పండగ అవుతుంది.

మొదటిసారి ఒంటరిగా వెళ్లడానికి నీకు జంకుగా ఉంటుంది, నేనొస్తాను. ఈ ఆదివారం ఎనిమిదింటికి తాజ్‌మహల్ గుమ్మం దగ్గర ఉంటాను. వాడికి ఒక జత బట్టలు ఎక్కువ తెచ్చుకో, సాంబారు మీద పోసుకుంటాడు. నీకు మసాలా దోశ చెప్పాలా, పెసరట్టా? శనివారం రాత్రిలోగా మెసేజ్ పెట్టు.

మీ పెద్దమ్మ