కుట్టుమిషన్లు కొనే ముందు ఒక నెల ఆగండి

ఆదోని నుంచి అడిగిన చెల్లెమ్మకు వందనాలు. మీ సంఘంలో భర్త పోయినవాళ్ళు, భర్త వదిలేసినవాళ్ళు పదకొండు మంది ఉన్నారనీ, కానుకల డబ్బుతో కుట్టుమిషన్లు కొని పని నేర్పిస్తే నిలదొక్కుకుంటారా అనీ అడిగారు. కర్నూల్లో మా సంఘం స్త్రీల కూటం పనిలో పదిహేనేళ్ళ పైనుంచి ఉన్నాను. మేమూ మిషన్లతోనే మొదలుపెట్టాం, అందుకే ఆగమంటున్నా.

2009 అక్టోబరులో తుంగభద్ర ఊరి మీదికి వచ్చినప్పుడు మా చర్చి హాల్లో బియ్యం, దుప్పట్లు పంచాం. నీళ్ళు తీశాక కూడా కొందరు ఆడవాళ్ళు మంగళవారం ప్రార్థనకు రావడం మానలేదు. వాళ్ళకేదైనా దారి చూపించాలని ఆరు మిషన్లు కొన్నాం. మూడు నెలలు నేర్పించాం, సర్టిఫికెట్లు ఇచ్చాం, ఫొటోలు దిగాం. ఏడాది తిరిగేసరికి కుడుతున్నది ఇద్దరే. వీధికి ముగ్గురు టైలర్లున్న ఊళ్ళో నిన్నగాక మొన్న నేర్చుకున్నామెకు పట్టు జాకెట్టు ఎవరిస్తారు? ఫాల్స్ కుట్టడం, చిరుగులకు అతుకులు వేయడం, అంతకుమించి పని రాలేదు.

అదొక్కటే అయితే ఏదో సర్దుకునేవాళ్ళం. ఎవరైనా ఫాల్స్ కుట్టించుకుని "ఎంతమ్మా?" అంటే, వీళ్ళు "మీకు తోచింది ఇయ్యండక్కా" అనేవాళ్ళు. పని వచ్చు, చెయ్యి నడుస్తుంది, ధర మాత్రం నోట్లోంచి రాదు. ఏళ్ళ తరబడి "నీకేం తెలుసు, నోర్మూసుకో" అని వినివిని ఉన్న మనిషికి, నా పనికి ఇంత అని చెప్పాలంటే గొంతు పెగలదు. ఈ సంగతి మాకు అర్థమయ్యేసరికి నాలుగు మిషన్లు తుప్పు పట్టాయి.

తర్వాత ఒక మంగళవారం మా పాస్టరమ్మ బైబిల్లోని ఒక సంగతి చెప్పింది, ఎలీషా ప్రవక్త దగ్గరికి అప్పులవాళ్ళ బాధతో వచ్చిన విధవరాలిది. అందరం వందసార్లు విన్నదే. ఆ రోజు మాత్రం ఒకచోట ఆగింది. ప్రవక్త ఆమెను నీ ఇంట్లో ఏముందని అడిగాడు. ఆమె దగ్గరున్న కొంచెం నూనె దేవుడి దయతో పెరిగితే, అది అమ్మి అప్పు తీర్చుకోమని ఆమెనే పంపాడు గానీ తను అంగడికి పోలేదు. మేం ఆ ప్రశ్న ఎవరినీ అడిగిన పాపాన పోలేదు. మా అంతట మేమే ఏదో ఒకటి తెచ్చి వాళ్ళ చేతుల్లో పెడుతూ వచ్చాం.

ఆ తర్వాత మేం ఆ ప్రశ్న అడిగినవాళ్ళలో ఒకామెను ఇక్కడ రొట్టెలక్క అంటాను. కోసిగి వైపు మనిషి. మొగుడు తాగి తాగి పోయాడు. ఏటా పిల్లల్ని వెంటేసుకుని గుంటూరు మిరపచేలకు సుగ్గికి, అంటే కూలి వలసకు పోయి, చివరికి కర్నూలు చేరింది. కూటానికి వస్తే గడప పక్కన, చెప్పుల దగ్గర కూర్చునేది. ఇంట్లో ఏముందంటే "పెనం ఉందక్కా, ఇంకేముంటుంది" అంది. ఆ పెనం మీద ఆమె చేసే జొన్నరొట్టె తింటే తెలుస్తుంది, కాగితంలా పలచన, ఎక్కడా చీలదు. సాయంత్రం హాస్టళ్ళ దగ్గర రొట్టెలకు ఎంత గిరాకీ ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు.

కానీ వెంటనే బండి పెట్టించలేదు. ప్రార్థన అయ్యాక అరగంట అంగడి ఆట ఆడేవాళ్ళం. ఒకరు కొనేవాళ్ళు, ఒకరు అమ్మేవాళ్ళు. నేను గయ్యాళి కొనుగోలుదారుని, ఆ వేషం నాకు బాగా కుదురుతుందని మా ఆయన కూడా ఒప్పుకుంటాడు. "రొట్టె పది రూపాయలా? అవతల ఎనిమిదికే ఇస్తున్నారు!" అని నేను గద్దిస్తే మొదటి వారం ఆమె ఏడ్చింది. రెండో వారం తల వంచుకుని "సరే ఎనిమిదే" అంది. ఐదో వారమో ఆరో వారమో నా మొహంలోకి చూసి "అయితే ఆడికే పో" అంది. హాలంతా పగలబడి నవ్వారు, ఆమె కూడా. ఆ తర్వాతే పిండికి, కట్టెలకు డబ్బులిచ్చాం, అదీ వారానికింత తిరిగి కట్టేలా. ఊరికే ఇవ్వలేదని కొందరు మమ్మల్ని తిట్టుకున్నారు. పొడి మాత్రం ఆమె తెలివే. గురెళ్ళ కారం, శనక్కాయల కారం పొట్లాలు కట్టి రొట్టెల పక్కన పెట్టేది, లాభం అక్కడే ఎక్కువ.

బ్యాంకు ఖాతాకు ఫారం నింపడం కూడా హాల్లోనే నేర్పాం. ఒక బ్యాంకులో క్లర్కు కసిరితే వెనక్కి వచ్చేసింది. రెండోసారి నేను వెంట పోయాను గానీ బయట చెట్టు కింద కూర్చున్నా. లోపలికి పోయి మాట్లాడితే పని పది నిమిషాల్లో అయ్యేది, నాకు కాళ్ళు ఆగలేదు కూడా. గంటన్నర తర్వాత పాసుపుస్తకం ఊపుకుంటూ వచ్చింది. మరిది డబ్బుకోసం ఎగబడినప్పుడు అదే అడ్డం పడింది.

సర్కారు దారులు మీకు తెలిసే ఉంటాయి, క్లుప్తంగా రాస్తాను. మన రాష్ట్రంలో వితంతు పెన్షన్ 2024 జూలై నుంచి నెలకు 4,000, రానివాళ్ళుంటే ముందు ఆ పని చూడండి. బ్యాంకుల స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో భోజనం, వసతితో సహా శిక్షణ ఉచితం, మిషన్ పనే నేర్పించాలంటే అక్కడికి పంపండి. వీధి వ్యాపారులకు 2020లో మొదలైన స్వనిధి లోను మొదటి విడత 10,000 ఉండేది, 2025లో 15,000 చేశారు. లాక్‌డౌన్‌లో బండి మూతపడ్డాక రొట్టెలక్క మళ్ళీ లేచింది ఆ పదివేలతోనే. పచ్చళ్ళు, పొడులు అమ్మేవాళ్ళు ఏడాదికి 100 రూపాయలతో ఫుడ్ రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు.

ఇక మన విశ్వాసం సంగతి. మా కూటానికి ముస్లిం అక్కలు వస్తారు, దేవుడి పటాలకు దండం పెట్టేవాళ్ళూ వస్తారు. ప్రార్థనకు కూర్చుంటేనే సాయం అనే మాట మా దగ్గర లేదు. బాప్తిస్మం అడిగినా తొందరపెట్టం, ముందు కాగితాల సంగతి విడమరిచి చెబుతాం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీలకు ఆ హోదా ఉండదు, మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తారు. పిల్లల చదువులు ఆ సర్టిఫికెట్ మీద నడుస్తున్నప్పుడు తల్లికి తెలియకుండా ఆ మార్పు జరగడం అన్యాయం. ఇలా చెప్పినందుకు పెద్దలు కొందరు నా మీద అలిగారు, అలగనీండి.

ఇంకొకటి, ఇది మా తప్పు. ఒకామెను ఆదివారం ముందుకు పిలిచి మైకులో సాక్ష్యం చెప్పించాం. మొగుడు కొట్టిందీ, వదిలేసిందీ అంతా చెప్పింది, జనం కన్నీళ్ళు పెట్టుకున్నారు. సోమవారం ఆమె కూతుర్ని బళ్ళో పిల్లలు దాని గురించే అడిగారట. ఆమె మళ్ళీ మా వైపు రాలేదు. రెండుసార్లు ఇంటికి పోతే తలుపు తీయలేదు. వాళ్ళ బాధ మన సంఘానికి ప్రచారం కాకుండా చూసుకోండి. మంగళవారం హాల్లో "మీ ఆయన ఎప్పుడొస్తాడు" అని ఎవరూ అడగరని మాత్రమే వచ్చేవాళ్ళు మాకు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ళు పాట పాడకపోయినా పర్లేదు.

మీ పదకొండు మందిలో ఎవరికి ఏం వచ్చో ఈ నెల అడిగి చూడండి. అందరూ బండి పెట్టరు. మావాళ్ళలో ఒకామె ఆస్పత్రిలో ఆయాగా కుదిరింది, ఇద్దరు మళ్ళీ సుగ్గికే పోయారు. అయితే ఈసారి కూలీ ముందే మాట్లాడుకుని పోయామని ఫోన్ చేశారు.

పోయిన కోత పండుగకు రొట్టెలక్కను రెండొందల రొట్టెలు అడిగాను. సంఘానికి కదా, కొంచెం తగ్గించమన్నా. "ఇరవై రొట్టెలు కానుకగా వేస్తానక్కా, మిగతావి మాత్రం లెక్క లెక్కే" అంది. ఇచ్చాను.