ఫోన్ చార్జ్ ఎక్కట్లేదా? ముందు పోర్టులోకి చూడండి

"రోజూ విసిగించే టెక్నాలజీ సమస్యల్లో, సులువుగా తీరేవైనా జనం పట్టించుకోనివి ఏవి?" అని అడిగారు. ఎన్నైనా చెప్పొచ్చు కానీ నా జవాబు ఒక్కటే: ఫోన్ చార్జ్ ఎక్కకపోవడం.

మా మావయ్యది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లెటూరు. కొబ్బరి వ్యాపారం. చెట్ల నుంచి కాయలు దింపాక వాటి పీచు ఒలిచేచోట, కాయల రాశి పక్కనే కూర్చుంటారు. చొక్కా జేబులో ఫోన్, చుట్టూ గాల్లో పొట్టు. మొన్న సంక్రాంతికి వెళ్లేసరికి హాల్లో గూట్లో ఆ ఫోన్ చార్జింగ్‌లో ఉంది. వైరును ఎడమ వైపుకు మెలేసి, రబ్బరు బ్యాండు చుట్టి, కదలకుండా దాని మీద కందిపప్పు డబ్బా ఎత్తి పెట్టారు. నా ఫోన్ పెట్టుకుందామని చేయి చాచానో లేదో అత్తయ్య కంగారుగా వచ్చింది. "అది కదపకు నాన్నా, మళ్లీ కుదరాలంటే అరగంట పడుద్ది."

రెండు నెలలుగా ఇదే తంతట. ఈలోగా రెండు చార్జర్లు కొన్నారు, ఒకటి 250 రూపాయలు, రెండోది 600. రెండింటితోనూ అదే గొడవ. రిపేరు షాపుకు తీసుకెళ్తే అక్కడి కుర్రాడు లోపలికి చూడనైనా చూడకుండా "ఆయ్, చార్జింగ్ బోర్డు పోయిందండి, 1,200 అవుద్దండి" అన్నాడట. సరుకు కోసం వ్యాపారులు ఫోన్ చేసే వేళకి ఫోన్ చచ్చిపోయి ఉండేది. మావయ్య టెన్షన్ అంతా అదే.

వైరు గుచ్చి చూశాను. పూర్తిగా దిగలేదు. మొన తాలూకు వెండి రంగు అంచు సన్నటి గీతలా బయటికి కనిపిస్తూనే ఉంది. టార్చి వేసి చూస్తే పోర్టు, అంటే చార్జర్ మొన గుచ్చే రంధ్రం, అడుగున గోధుమ రంగు మెత్త.

ఫోన్ స్విచాఫ్ చేశాను. కొత్త చీపురు నుంచి ఒక ఈనె లాగి, బ్లేడుతో మొన సన్నగా చెక్కాను. టైప్-సి (మొన ఎటు తిప్పి గుచ్చినా పట్టే రకం) పోర్టు మధ్యలో పల్చటి పలక ఒకటి ఉంటుంది, దాని జోలికి పోకుండా గోడల వెంట మెల్లగా గీరుతూ బయటికి లాగాను. ముందు పొడి రాలింది. తర్వాత అణిగి గట్టిపడిన ఉండ ఊడొచ్చింది, బియ్యపు గింజంత. వేళ్ల మధ్య నలిపితే కొబ్బరి పొట్టు, అందులో చుట్టుకున్న చొక్కా నూలు పోగులు. చార్జర్ గుచ్చిన ప్రతిసారీ దాన్ని ఇంకాస్త లోపలికి కూరుతూ వచ్చారన్నమాట. ఈసారి వైరు పెట్టగానే టక్కుమని పట్టుకుంది. మావయ్య ఏమీ అనలేదు. పప్పు డబ్బా తీసుకెళ్లి వంటింట్లో పెట్టేశారు.

దయచేసి పిన్నీసు, సూది మాత్రం పెట్టకండి. లోపలి కాంటాక్టులు వంగినా, షార్ట్ అయినా అప్పుడు నిజంగానే బోర్డు పోతుంది. నోటితో ఊదొద్దు, తడి చేరుతుంది. ఈనె లేకపోతే చెక్క టూత్‌పిక్ చాలు.

టైప్-సి పోర్టును 10,000 సార్లు పెట్టి తీసినా తట్టుకునేలా తయారు చేస్తారు. రోజుకు రెండుసార్లు లెక్కేసినా పదమూడేళ్లు దాటాలి. పైగా గట్టిగా పట్టి ఉంచే స్ప్రింగులు కేబుల్ మొనలోనే ఉంటాయి, అరిగితే ముందు అరిగేది కేబులే. అంటే కేబుల్ మార్చినా వదులుగానే ఉంటే, నా దృష్టిలో కారణం మురికే. పోర్టు పోయిందని చెప్పేవాళ్లలో చాలామంది లోపలికి చూడనివాళ్లే. కింద పడేసిన ఫోన్, నీళ్లలో పడిన ఫోన్ సంగతి వేరు.

అసలు మనవాళ్లకి చూసే అలవాటే లేదు. మా కోనసీమ ఉక్కపోతలో ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంటే ప్రతి ఇంట్లో ఒకటే మాట, "వోల్టేజీ లేదు". లైట్లు మామూలుగా వెలుగుతూ, పక్క గది ఫ్యాన్ జోరుగా తిరుగుతుంటే వోల్టేజీ ఏం చేసింది పాపం? ఫ్యాన్ మోటారుకి ఊపునిచ్చే చిన్న భాగం, కండెన్సర్, నీరసించి ఉంటుంది. చాలా సీలింగ్ ఫ్యాన్లకి 2.5 మైక్రోఫారడ్‌ది, వంద రూపాయల లోపు వస్తుంది. పాతదాని మీద రాసి ఉన్న అంకె చూసి అదే తెచ్చి, ఎలక్ట్రీషియన్ చేత వేయిస్తే పది నిమిషాల పని. మా వీధిలో ఒకాయన మూడు వేసవులు అలాగే ఉడికిపోయి, చివరికి కొత్త ఫ్యాన్ కొన్నారు. నాకు ఇప్పటికీ బాధే.

ఫోన్ నిండిపోయిందని ఏడ్చేవాళ్లకి కూడా ఒక మాట. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటాలోకి వెళ్లి ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి. పెళ్లి గ్రూపులో వచ్చిన నాలుగు వందల ఫొటోలూ మీ ఫోన్లో ఉండనక్కర్లేదు. ఇది ఎన్నిసార్లు చెప్పినా "తర్వాత చూద్దాంలే" అంటారు, తర్వాత పిల్లల ఫొటోలు డిలీట్ చేస్తారు!

మావయ్య ఫోన్ ఇప్పుడు పాత చార్జర్‌తోనే నడుస్తోంది. రెండు నెలలకోసారి ఈనెతో ఆయనే శుభ్రం చేసుకుంటున్నారు. ఆ 600 రూపాయల చార్జర్ నాకిచ్చేశారు. ఇది రాస్తున్న ఫోన్ దానితోనే చార్జ్ అవుతోంది.